హెల్సింకి నుంచి లిస్బనుకు ఎంత దూరం? ఎంత సేపు?

బడి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళలో మొదలయ్యే చర్చ ఒకటే. ఈసారి ఎండ ఎక్కడ దొరుకుతుంది? డిసెంబరు 21న మన హెల్సింకిలో సూర్యుడు ఉదయం 9-24కి ముఖం చూపించి మధ్యాహ్నం 3-12కల్లా సెలవు తీసుకుంటాడు. పట్టుమని ఆరు గంటల పగలు లేదు. అదే రోజు లిస్బనులో తొమ్మిదిన్నర గంటల పగలు. అందుచేత ఫిబ్రవరి సెలవులో మంచు మీద జారే ఉత్సాహం లేని మనబోటి వాళ్ళకు పోర్చుగల్ మీదకు మనసు పోవడం సహజమే. వేసవిలో మన దేశం నుంచి వచ్చిన అమ్మానాన్నలకూ, అత్తమామలకూ అక్కడ చూపించవలసింది ఒకటి వుంది. వాస్కో డ గామా 1497 జులైలో బయలుదేరిన బేలెం రేవు ఆ ఊళ్ళోనే వున్నది. ఆయన కాలికట్టు చేరేసరికి మరుసటి సంవత్సరం మే నెల వచ్చింది. పది నెలల పైమాట. చిన్నప్పుడు పాఠంలో బట్టీపట్టిన పేరు కళ్ళ ముందు రేవై కనబడితే పెద్దవాళ్ళకు కలిగే సంతోషం వేరు.

కాని ప్రయాణం అనుకున్న మర్నాటి నుంచి వచ్చే ప్రశ్నలు మాకు బాగా తెలుసు. "ఎంత సేపు కూర్చోవాలి నాయనా?" అని పెద్దాయన అడుగుతారు. అబ్బాయి ఫోను తీసి "మూడు గంటలు" అంటాడు. కోడలు మరో చోట చూసి "కాదు, అయిదు" అంటుంది. తిరుగు ప్రయాణం చూస్తే ఆరున్నర అని కనబడుతుంది. మధ్యలో ఎక్కడో దిగి ఎక్కే చవక టికెట్టులో పదకొండు గంటలు. ఊరు అక్కడే వుంది, మనం ఇక్కడే వున్నాం, మరి ఇన్ని లెక్కలేమిటి? వీటిలో అబద్ధం ఒకటీ లేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క దాన్ని కొలుస్తోంది. ఏది దేన్ని కొలుస్తోందో తెలియక టికెట్టు కొంటే నష్టం నిమిషాలతో పోదు. పెద్దవాళ్ళ వీసా, రాత్రి నిద్ర, కొన్ని వందల యూరోలు కూడా ఇందులో ఇరుక్కొని వున్నాయి. ఈ నెల ఆ ముచ్చటే కాస్త విడమరచి చెప్పుకుందాం.

ముందు దూరం సంగతి. హెల్సింకి-వంటా విమానాశ్రయం నుంచి లిస్బనులోని ఉంబెర్తు దెల్గాదు విమానాశ్రయానికి సుమారు 3,365 కిలోమీటర్లు. ఐరోపాలో రెండు రాజధానుల మధ్య ఒక్క ఎగురుడులో వెళ్ళగల పెద్ద దూరాల్లో ఇదొకటి. మనకు తెలిసిన కొలతతో చెప్పాలంటే, శ్రీనగర్ నుంచి తిరువనంతపురానికి సుమారు 2,850. అనగా కాశ్మీరు నుంచి కేరళ కొసదాకా వెళ్ళి, ఇంకా అయిదు వందల కిలోమీటర్లు సముద్రం మీదికి పోయినంత. హైదరాబాదు నుంచి దుబాయి దాదాపు 2,550 మాత్రమే. "యూరపులోపలే కదా, పక్కఊరే" అని పెద్దవాళ్ళకు చెప్పి బయలుదేరదీయడం న్యాయం కాదు సుమా.

ఈ 3,365 అన్నది ఎవరు కొలిచారు? గ్లోబు మీద లెక్క కట్టినది. మీ పిల్లల చదువు బల్ల మీద గ్లోబు వుంటే ఒక దారం తీసుకుని హెల్సింకి మీద ఒక కొస, లిస్బను మీద ఒక కొస పెట్టి బిగించి చూడండి. దారం తనంతట తానే దగ్గరి దారి పట్టుకుంటుంది. దీన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు. ఆ దారం స్వీడన్ దక్షిణపు కొస, డెన్మార్కు, జర్మనీ ఉత్తర భాగం, హాలండు, బెల్జియం, ఫ్రాన్సు పడమటి భాగం దాటి, బిస్కే అఖాతం మీదుగా స్పెయిన్‌లో ప్రవేశించి పోర్చుగల్ చేరుతుంది. గోడకు తగిలించే బల్లపరుపు పటం మీద రూళ్ళకర్ర పెట్టి గీత గీస్తే అది దీనికన్నా కాస్త దక్షిణంగా పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా పెద్దదవుతుంది. ఈ ఇంటి పరీక్ష పిల్లలతో చేయించండి. బడిలో చెప్పినదానికన్నా బాగా గుర్తుంటుంది.

విమానం సరిగ్గా ఆ దారం మీదే పోతుందా అంటే పోదు. ఆకాశంలో కూడా దారులూ, మలుపులూ, ఒక దేశపు కంట్రోలరు నుంచి మరో దేశపు కంట్రోలరుకు అప్పగింతలూ వున్నాయి. ఉరుములుంటే తప్పుకోవాలి. సైన్యం వాళ్ళు విన్యాసాలకు మూసిన చోట చుట్టి పోవాలి. దిగే ముందు గాలి ఎటు వీస్తోందో చూసి రన్‌వేకి ఆ చివరి నుంచి రావాలి. ఇదంతా కలిపితే దారం దూరం మీద కొంత కలుస్తుంది. అయినా కొలతకు ఆధారం ఆ దారమే. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి. డబ్బు దగ్గర మళ్ళీ పని పడుతుంది.

ఇక కాలం. జెట్ విమానం పైన నిలకడగా ఎగిరేటప్పుడు చుట్టూ వున్న గాలితో పోలిస్తే గంటకు సుమారు 840 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 3,365ని 840తో భాగిస్తే నాలుగు గంటలు. కాని ఆ గాలి తాను కూడా కదులుతున్నది కదా! మన అక్షాంశాల మీద పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరింత జోరుగా. గోదావరిలో పడవ ఎదురెక్కడానికీ, వాలుకు రావడానికీ వున్న తేడాయే ఇక్కడా. మన దారి నైరుతి-ఈశాన్యాలకు వాలుగా వుంది గనుక గాలి బలమంతా పడదు, కొంత పడుతుంది. మాటవరసకు అది గంటకు 60 కిలోమీటర్లనుకోండి. వెళ్ళేటప్పుడు నేలతో పోలిస్తే 780, వచ్చేటప్పుడు 900. మొదటిది 4 గంటల 19 నిమిషాలు, రెండోది 3 గంటల 44 నిమిషాలు. అవే సీట్లు, అవే చక్రాలు, ముప్పై అయిదు నిమిషాల తేడా. లిస్బను వెళ్ళే విమానానికి పట్టికలో సుమారు అయిదు గంటలూ, వచ్చేదానికి సుమారు నాలుగున్నరా వుండడంలో రహస్యం ఇదే.

"నాలుగుంబావు అని లెక్క వస్తే పట్టికలో అయిదు ఎందుకు?" అని ఇంజనీరు సోదరులు అడుగుతారు. పట్టికలో వేసేది గాలిలో వున్న కాలం కాదు. విమానం నిలబడి వున్నప్పుడు చక్రాలకు అడ్డంగా దిమ్మలు పెడతారు. అవి తీసి కదిలినప్పటి నుంచి అవతలి ఊళ్ళో ఆగి మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా లెక్క వేస్తారు. దాన్ని బ్లాక్ టైం అంటారు. ఇందులో రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, పైకెక్కడం, దిగడం అన్నీ వస్తాయి. మన దగ్గర చలికాలంలో మరొకటి వుంది. రెక్కల మీది మంచును వేడి మందు చల్లి కడగాలి. మొదట నారింజ రంగు మందు, తరువాత మళ్ళీ పేరుకోకుండా ఆకుపచ్చ మందు. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకు వినోదం, గడియారానికి పది ఇరవై నిమిషాలు. ఇవన్నీ ఊహించి విమాన సంస్థలు కొంత విడుపు కలిపే పట్టిక వేస్తాయి. ఆలస్యంగా బయలుదేరిన విమానం ఒక్కోసారి వేళకే దిగడం పైలటు గొప్పా కావచ్చు, ఆ విడుపు గొప్పా కావచ్చు.

మరి అబ్బాయి చెప్పిన మూడు గంటలేమిటి? అది గడియారాల తేడా. లిస్బను మనకన్నా రెండు గంటలు వెనక. ఇక్కడ సాయంత్రం నాలుగింటికి బయలుదేరి అయిదు గంటలు ప్రయాణం చేస్తే మనకు రాత్రి తొమ్మిది, వాళ్ళకు ఏడు. టికెట్టు మీద నాలుగు, ఏడు అని రెండు అంకెలు చూసి తీసివేత చేస్తే మూడు. తిరుగు ప్రయాణంలో వాళ్ళ రాత్రి 7-45కి బయలుదేరి నాలుగున్నర గంటలు ప్రయాణిస్తే వాళ్ళకు పన్నెండుంబావు, మనకు రెండుంబావు. తీసివేస్తే ఆరున్నర. వెళ్ళేటప్పుడు మిగిలిన రెండు గంటలనే వచ్చేటప్పుడు వడ్డీ లేకుండా తిరిగి కట్టుకుంటున్నాం.

ఐరోపా యూనియన్ దేశాల్లో వేసవి గడియారం అన్నిచోట్లా ఒకే క్షణంలో మారుతుంది గనుక ఈ రెండు గంటల తేడా ఏడాది పొడుగునా వుంటుంది. ఎప్పుడూ ఇలాగే లేదు లెండి. 1992 నుంచి 1996 వరకు పోర్చుగల్ వారు మధ్య ఐరోపా కాలమానాన్ని పట్టుకున్నారు. ఆ నాలుగేళ్ళూ మనకూ వాళ్ళకూ ఒక్క గంటే తేడా. చలికాలం పొద్దున తెల్లారకుండానే పిల్లలు చీకట్లో బడికి పోవలసి వస్తోందని జనం విసుక్కున్నారు, మళ్ళీ పాతదానికి పోయారు. చీకట్లో బడికి పోవడం సంగతి మనకెవరూ చెప్పనక్కరలేదు.

ఈ తీసివేత లెక్కను మేము ఇంతగా చెప్పడానికి కారణం ఆ రాత్రి రెండుంబావే. ఆదివారం రాత్రి తిరుగు విమానం చవకగా వుందని కొనేవాళ్ళు మనలో ఎక్కువ. దిగి, సామాను కోసం నిలబడి, టాక్సీలో ఎస్పో చేరేసరికి మూడున్నర. ఎనిమిదింటికి పిల్లలకు బడి, తొమ్మిదింటికి మీకు మీటింగు. పెద్దవాళ్ళుంటే రాత్రి వేసుకోవలసిన మాత్రలు ఏ దేశపు తొమ్మిదింటికి వేయాలన్న ప్రశ్న కూడా వస్తుంది. రెండు గంటల తేడా మామూలు మాత్రలకు పెద్దది కాకపోవచ్చు. ఇన్సులిన్ వాడేవారు మాత్రం బయలుదేరేముందే డాక్టరుగారిని అడిగి, వేళలు కాగితం మీద రాయించుకొని, మందు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. విమానం అడుగున వేసే పెట్టెలో పెడితే మందు ఒక ఊళ్ళో, మనిషి ఒక ఊళ్ళో దిగే ప్రమాదం వుంది.

ఇప్పుడు మధ్యలో దిగి ఎక్కే ప్రయాణాలు. ఇక్కడొక తమాషా వుంది. ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా వెళ్తే దూరం ఎంత పెరుగుతుందనుకుంటున్నారు? హెల్సింకి-ఆమ్‌స్టర్‌డామ్ సుమారు 1,520, అక్కడి నుంచి లిస్బను సుమారు 1,845. రెండూ కలిపితే మొదటి దూరానికీ దీనికీ పది కిలోమీటర్ల తేడా కూడా రాదు. ఆ ఊరు మన దారం మీదే వుంది మరి. ఫ్రాంక్‌ఫర్టు మీదుగా అయినా యాభై అరవై కిలోమీటర్లకు మించదు. కాని కాలం ఏడు గంటలకు పైనే. మళ్ళీ దిగడం, మళ్ళీ ఎక్కడం, మధ్యలో కూర్చోవడం, ఇవన్నీ దూరం కానివి. ఇస్తాంబుల్ మీదుగా అయితే దూరమే 5,300 దాటుతుంది. చవకగా వస్తే దానికీ సిద్ధపడేవాళ్ళున్నారు.

ఇస్తాంబుల్, లండన్, డబ్లిన్ అన్న పేర్లు కనబడితే మాత్రం మన ఇళ్ళలో ఒక్క నిమిషం ఆగాలి. ఫిన్లండూ పోర్చుగలూ రెండూ షెంగెన్ దేశాలే. తిన్నగా వెళ్ళినా, షెంగెన్ లోపలి ఊరు మీదుగా వెళ్ళినా పాస్‌పోర్టు తనిఖీ దాటక్కరలేదు. పై మూడు ఊళ్ళూ షెంగెన్ బయటివి. వాటి మీదుగా వెళ్తే, మీరు విమానాశ్రయం దాటి బయటికి పోకపోయినా, షెంగెన్ నుంచి నిష్క్రమించినట్టు నమోదవుతుంది. లిస్బనులో దిగడం కొత్త ప్రవేశం. మనకు ఇక్కడి నివాస కార్డులున్నాయి గనుక పట్టించుకోం. అమ్మానాన్నల వీసా కాగితం తీసి చూడండి. ఎన్ని ప్రవేశాలు అన్న చోట 01 అని వుంటే, వాళ్ళు మొదట హెల్సింకిలో దిగినప్పుడే ఆ ఒకటీ ఖర్చయింది. రెండో ప్రవేశానికి హక్కు లేదు. మల్ట్ అన్న నాలుగక్షరాలుంటే ఆ చిక్కు లేదు. లండన్ మీదుగా అయితే భారతీయ పాస్‌పోర్టు వున్నవారికి బ్రిటన్ వారి ట్రాన్సిట్ వీసా కథ వేరే వుంది. ఎనభై యూరోలు మిగులుతాయని కొన్న టికెట్టు వల్ల డెబ్బై ఏళ్ళ తల్లిగారిని మధ్య ఊళ్ళో ఆపేస్తే, ఆ సమయంలో ఆమె భాష అర్థమయ్యే మనిషి పక్కన ఎవరున్నారు?

మరొక ప్రమాదం విడి టికెట్లు. మన సభ్యుల కుటుంబం ఒకటి క్రితం చలికాలంలో (పేరు వేయవద్దన్నారు) ఒక సంస్థ విమానంలో మధ్య ఐరోపాలోని ఒక ఊరికీ, అక్కడి నుంచి మరొక సంస్థ విమానంలో లిస్బనుకూ విడివిడిగా టికెట్లు కొన్నారు. మధ్యలో రెండు గంటల పది నిమిషాలు. కాగితం మీద పుష్కలం. మొదటి విమానం గంటా నలభై నిమిషాలు ఆలస్యమైంది. వీళ్ళు పరుగెత్తారు. అత్తగారు పరుగెత్తలేరు కదా. పెట్టెలు బయటికి వచ్చి, మళ్ళీ కౌంటరులో అప్పగించవలసి వుంది. కౌంటరు మూసేశారు. మొదటివాళ్ళు "మేము మిమ్మల్ని ఇక్కడికి చేర్చాం, ఆలస్యం మూడు గంటలు కాలేదు" అన్నారు. రెండోవాళ్ళు "మా విమానం వేళకే బయలుదేరింది" అన్నారు. ఇద్దరి మాటా చట్టప్రకారం నిజమే. ఆ రాత్రి హోటలూ, మర్నాటి నాలుగు కొత్త టికెట్లూ సొంత డబ్బు. ఒకే బుకింగ్‌లో కొని వుంటే తరువాతి విమానంలో చేర్చే బాధ్యత, రాత్రి వసతి, భోజనం ఆ సంస్థవి అయివుండేవి. పైగా లిస్బను చేరేసరికి అయిన ఆలస్యమే లెక్కకు వచ్చేది.

దీనితో డబ్బు సంగతికి వచ్చాం. ఐరోపా యూనియన్ వారి 261వ నంబరు నిబంధన 2004లో చేసినది, 2005 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. విమానం రద్దయితే దూరాన్ని బట్టి పరిహారం పెట్టారు. 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు. యూనియన్ లోపల అంతకు మించితే 400. యూనియన్ బయటికి 3,500 దాటితే 600. మన లిస్బను ప్రయాణం 400ల వరసలోది. మనిషికి 400, సీటు తీసుకున్న పిల్లలకు కూడా. 2009 నవంబరులో యూనియన్ న్యాయస్థానం, మూడు గంటలు, ఆ పైన ఆలస్యంగా చేరినవాళ్ళకు కూడా ఇదే పరిహారం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అయితే కారణం విమాన సంస్థ చేతిలో లేనిదైతే ఈ డబ్బు రాదు. మన దారం ఫ్రాన్సు మీదుగా పోతోంది, అక్కడ కంట్రోలర్లు సమ్మె చేస్తే మన విమానం కూడా ఆగుతుంది. 2025 జులై మొదటి వారంలో అదే జరిగింది. అప్పుడు పరిహారం రాకపోయినా భోజనం, రాత్రి వసతి చూడవలసిన బాధ్యత మాత్రం పోదు. 2010లో ఐస్‌లండు అగ్నిపర్వతపు బూడిద వల్ల ఆకాశం మూసినప్పటి కేసులో 2013లో న్యాయస్థానం ఈ మాటే చెప్పింది.

మూడు గంటల ఆలస్యం అన్నారు సరే, చేరడం అంటే ఎప్పుడు? చక్రాలు నేలను తాకినప్పుడా, ఆగినప్పుడా? సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్-బాన్ వెళ్ళిన ఒక విమానం విషయంలో ఈ ప్రశ్న నిజంగానే న్యాయస్థానం దాకా పోయింది. చక్రాలు తాకేసరికి ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు. నిలిచే చోటికి చేరేసరికి 3 గంటల 3 నిమిషాలు. సంస్థవారు మొదటి అంకె పట్టుకున్నారు, ప్రయాణికుడు రెండోది. 2014 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. కనీసం ఒక తలుపు తెరిచి, ప్రయాణికులు దిగవచ్చు అన్న క్షణమే చేరిన క్షణం. అంతవరకు మనిషి ఆ డబ్బాలో బందీయే, తన పనులు చేసుకోలేడు, తనవాళ్ళతో మామూలుగా మాట్లాడుకోలేడు అని న్యాయమూర్తుల ఉద్దేశం. కనుక తలుపు తెరిచినప్పుడు గడియారం చూసి రాసుకోండి. అందరూ లేచి నిలబడి పెట్టెలు దించుకునే తొందరలో ఆ పని చేసేవాడు ఒక్కడూ వుండడు. మీరు వుండండి.

ఇందాక గుర్తు పెట్టుకోమన్న దారం ఇక్కడ పనికి వస్తుంది. నిబంధన 7వ అధికరణంలోనే దూరాన్ని గ్రేట్ సర్కిల్ పద్ధతిలో కొలవాలని రాశారు. రోమ్ నుంచి బ్రసెల్స్ మీదుగా హాంబర్గ్ వెళ్ళినవాళ్ళు, తాము ఎగిరింది 1,656 కిలోమీటర్లు గనుక 400 యూరోలు రావాలన్నారు. రోమ్-హాంబర్గ్ దారం దూరం 1,326. చుట్టు తిరిగితే కష్టం పెరగవచ్చు గాని కొలత పెరగదని 2017లో తేల్చారు. 250 యూరోలే. మీరు లిస్బనుకు ఇస్తాంబుల్ మీదుగా 5,300 కిలోమీటర్లు తిరిగినా ఈ పుస్తకంలో మీది 3,365 కిలోమీటర్ల ప్రయాణమే.

ఇదే లెక్క మన స్వదేశపు ప్రయాణానికి ఎక్కువ ఉపయోగం. హెల్సింకిలో బయలుదేరి గల్ఫ్ మీదుగా హైదరాబాదుకు ఒకే బుకింగ్‌లో పోతుంటే, ఆలస్యం గల్ఫులో రెండో విమానం వల్ల జరిగినా, అది ఐరోపా సంస్థ కాకపోయినా, మొత్తాన్ని ఐరోపాలో మొదలైన ఒకే ప్రయాణంగా చూడాలి. బెర్లిన్ నుంచి కాసాబ్లాంకా మీదుగా అగాదిర్ వెళ్ళిన వారి కేసులో 2018 మేలో వచ్చిన తీర్పు ఇది. హైదరాబాదు నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఐరోపాది కాని సంస్థలో వస్తే ఈ రక్షణ లేదు. 2025 జూన్‌లో సభ్యదేశాల మంత్రులు మూడు గంటల హద్దును దూరాన్ని బట్టి నాలుగు, ఆరు గంటలకు పెంచాలని తమలో తాము ఒప్పుకున్నారు. కనుక మీ ప్రయాణం నాటికి ఏ నిబంధన అమలులో వుందో చూసుకొని అడగండి. అడగనివాళ్ళకు ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు.

దూరం మారకుండా కాలం మారడానికి మన హెల్సింకి కన్నా మంచి ఉదాహరణ లేదు. 1983లో ఫిన్నెయిర్ వారు సోవియట్ ఆకాశం తప్పించి ఉత్తర ధ్రువం మీదుగా మధ్యలో ఆగకుండా టోక్యోకు విమానం నడిపినప్పుడు సుమారు పదమూడు గంటలు. తరువాత సైబీరియా మీది దారి తెరుచుకున్నాక అది తొమ్మిదిన్నర గంటల ప్రాంతానికి దిగింది. ఆసియాకు దగ్గరి దారి అని ఈ విమానాశ్రయం పేరు తెచ్చుకున్నది ఆ రోజుల్లోనే. 2022లో రష్యా ఆకాశం మూసుకుపోయాక మళ్ళీ పదమూడు. గ్లోబు మీద దారం అంగుళం కూడా కదలలేదు. ఢిల్లీ వైపు దారి కూడా దక్షిణంగా చుట్టు తిరిగింది. లిస్బను విమానం పడమటిది గనుక ఈ గొడవ దాన్ని తాకలేదు. ఆ దారికి వచ్చే చిక్కులు వేరు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ అంతటా కరెంటు పోయినప్పుడు లిస్బను విమానాశ్రయం గంటల తరబడి స్తంభించింది.

ఇంటి గుమ్మం నుంచి హోటలు గుమ్మానికి లెక్క వేస్తే మాత్రం అంచనా తేలికే. ఎస్పో నుంచి వంటాకు గంట, అక్కడ రెండు గంటలు, పట్టికలో అయిదు, దిగాక సామాను, దారి కలిపి గంటన్నర. తొమ్మిదిన్నర గంటలు. పెద్దవాళ్ళు అడిగితే ఈ అంకె చెప్పండి. చక్రాల కుర్చీ కావాలంటే ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు తెలియజేయాలి, దానికి డబ్బు తీసుకోరు. శాకాహారం ముందుగా చెప్పినా ఐరోపా లోపలి విమానాల్లో దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. పులిహోర పొట్లం ఒకటి వెంట వుండడమే క్షేమం. పెరుగన్నం మాత్రం వద్దు. తనిఖీ దగ్గర అది అన్నమా, ద్రవమా అన్న చర్చ మనకెందుకు?

లిస్బను విమానాశ్రయం 1942లో తెరిచినది, ఊరు పెరిగి దాన్ని చుట్టుముట్టేసింది. దిగేటప్పుడు కిటికీలోంచి మేడల మీద ఆరవేసిన బట్టలు కనబడేంత దగ్గర. 2012 నుంచి మెట్రో ఎర్ర గీత అక్కడిదాకా వస్తోంది, ఇరవై నిమిషాల ప్రాంతంలో ఊరి నడుమ దింపుతుంది. ఇక చోటు చాలదని తేజో నదికి అవతల అల్కషెత్తె దగ్గర కొత్త విమానాశ్రయం కట్టాలని పోర్చుగల్ ప్రభుత్వం 2024 మేలో నిర్ణయించింది. అది ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో. అది వచ్చాక పైన చెప్పిన గంటన్నరను మళ్ళీ లెక్క వేసుకోవాలి. అంతవరకు మెట్రో టికెట్టు కార్డు మనిషికొకటి చొప్పున కొనాలి, ఒకే కార్డు మీద ఇద్దరు దాటడం కుదరదు.